కఠినమైన కరాటే మాస్టర్ దగ్గర 14 ఏళ్ళు: ఏం నిలిచింది, ఏం వదిలేయాలి

హనుమకొండలో ఒకే మాస్టర్ దగ్గర 14 ఏళ్ళు షోటోకాన్ కరాటే చేశాక రాస్తున్న సమీక్ష ఇది. మొదటి ఆరేళ్ళు వారానికి ఐదు పొద్దులు, ఆ తర్వాత ఆదివారాలు. పిల్లల్ని చేర్పించాలనుకునే వాళ్ళు అందరూ అడిగేది ఒక్కటే: "సార్ బాగా గట్టి మనిషంట కదా, పంపాలా వద్దా?" ఆ గట్టితనంలో రెండు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి దిద్దడం, ఇంకొకటి శిక్ష వేయడం. దిద్దింది ఇన్నేళ్ళయినా ఒంట్లోంచి పోలేదు. శిక్షల వల్ల మిగిలింది మాత్రం మోకాళ్ళ నొప్పులే.

దిద్దడం అంటే ఏమిటో జెన్‌కుట్సు దాచితో, అంటే ఒక కాలు ముందుకు వేసి మోకాలు వంచి నిలబడే తీరుతో చెప్తాను. ముందు మోకాలు వంగి బొటనవేలికి సరిగ్గా పైన ఉండాలి, వెనక కాలు బిగువుగా చాపి ఉండాలి. పాదాల మధ్య అడ్డంగా భుజాల వెడల్పు, పొడవు దానికి దాదాపు రెండింతలు. బరువు ముందుకాలి మీద 60 పాళ్ళు, వెనక 40. ఇంతవరకు ఏ క్లాసులోనైనా వారంలో చెప్పేస్తారు. మా సార్ మాత్రం మూడు నెలలు వెనక మడమనే చూస్తారు. మడమ కింద న్యూస్‌పేపర్ ముక్క పెట్టి, గుద్దు పడ్డ క్షణంలో సర్రున లాగుతారు. చిరిగితే సరే. చిరగకుండా ఊడి వచ్చిందంటే మడమ లేచినట్టే, లైనంతా "ఇచీ" (జపనీస్‌లో ఒకటి) నుంచి మళ్ళీ మొదలు. "చెయ్యి కాదు బేటా, నేల గుద్దుతది" అంటారు. అది నిజం. పాదం నేలను తన్నిన బలం తొడ, నడుము మీదుగా పిడికిలికి చేరుతుంది. మడమ లేస్తే ఆ దారి మధ్యలోనే తెగిపోయి, గుద్దులో భుజం బలం ఒక్కటే మిగులుతుంది.

మడమ ఎందుకు లేస్తుందంటే, చాలామందికి నిలబడే పొడవు ఎక్కువవుతుంది, లేదా పిక్క బిగుసుకుపోయి ఉంటుంది. నాలుగు వేళ్ళంత దగ్గరికి జరగండి, వెనక పాదం వేళ్ళను కొంచెం ముందుకు తిప్పండి. గోడకు చేతులు ఆనించి పిక్కను ఒక్కో కాలికి 30 సెకన్లు, రోజుకు రెండు మార్లు సాగదీస్తే నెలలో తేడా తెలుస్తుంది. ముందు మోకాలు లోపలికి వాలడం ఇంతకంటే ప్రమాదం. అప్పటికప్పుడు నొప్పి ఉండదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. కొన్నాళ్ళకు మోకాలి లోపలి వైపు నొప్పి మొదలవుతుంది.

పిడికిలి విషయంలోనూ ఇంతే. చూపుడు వేలు, నడిమి వేలు మెటికలు రెండే తగలాలి, మణికట్టు తిన్నగా ఉండాలి. మణికట్టు చిటికెన వేలి వైపు ఒరిగితే దెబ్బ ఆ వైపు మెటిక మీద పడుతుంది, దాని వెనక అరచేతి ఎముక సన్నది, విరుగుతుంది. గుద్దే బ్యాగు మీద తొందరపడే కొత్తవాళ్ళకు జరిగేది ఇదే.

సార్ లెక్కపెట్టే తీరు గురించి కూడా చెప్పాలి. మే గేరి, అంటే ముందుకు తన్నే తన్నుల్లో "రోకు, షిచీ" (ఆరు, ఏడు) అని ఆపేస్తారు, ఎనిమిది రాదు. కాలు గాల్లో, మోకాలు నడుము ఎత్తులో, అలాగే ఉండాలి. తన్నిన కాలును వెనక్కి లాగకుండా ముందుకు పడేసేవాళ్ళు అక్కడే దొరికిపోతారు. లాగని కాలును ఎదుటివాడు పట్టేస్తాడు. పైగా వేళ్ళు వెనక్కి విరవకుండా తన్నితే గోరు లేచిపోతుంది, మునివేళ్ళ కింది మెత్తతోనే తగలాలి.

కతా అంటే వరసగా కూర్చిన అడ్డులు, దెబ్బలు ఒంటరిగా చేసే సాధన. హెయాన్ షోడాన్ కతాలో 21 కదలికలు. మొదలుపెట్టిన చోటే ముగియాలి. సార్ సుద్దముక్కతో గుర్తు గీస్తారు. అడుగు దూరంలో ఆగితే ఎక్కడో అడుగుల పొడవు తప్పినట్టు, ఎక్కడన్నది మనమే వెతుక్కోవాలి. ఈ కతా ఎడమకు తిరిగి కింది దెబ్బను ఆపే అడ్డుతో మొదలవుతుంది, గుద్దుతో కాదు. 1922లో ఒకినావా నుంచి టోక్యో వెళ్ళి కరాటే నేర్పిన ఫునాకోషి గిచిన్ పెట్టిన నియమాల్లో కరాటేలో మొదటి దెబ్బ లేదన్నది ఒకటి. సార్ దాన్ని ఉపన్యాసంగా చెప్పరు. బయట చెయ్యి చేసుకున్నవాణ్ణి బెల్టు విప్పించి వైట్ బెల్టుల వరసలో నిలబెడతారు, అంతే.

బెల్టుల దగ్గర చాలామంది తల్లిదండ్రులకు కోపం వస్తుంది. మూడు నెలలకోసారి టెస్టు ఉన్నా అందరికీ రంగు మారదు. బ్లాక్ బెల్టుకు ఐదేళ్ళు, ఒక్కోసారి ఏడు. నా లెక్కలో ఇది లోపం కాదు. ఏడాదిన్నరలో బ్లాక్ బెల్టు ఇస్తామనే చోట పిల్లవాడి మడమ చూసేవాళ్ళే ఉండరు. ప్రభుత్వ బడుల్లో ఆడపిల్లలకు సమగ్ర శిక్ష కింద ఇచ్చే 3 నెలల ఆత్మరక్షణ శిక్షణతో మాత్రం దీన్ని పోల్చొద్దు. అక్కడ కావలసింది పట్టు విడిపించుకోవడం, గొంతెత్తి అరవడం, పరుగెత్తడం. మూడు నెలలు మడమ మీద ఖర్చుపెడితే ఆ పిల్లలకు అన్యాయం చేసినట్టు.

ఇక ఒప్పుకోలేనివి. మొదటి ఏళ్ళలో క్లాసు మధ్య నీళ్ళు తాగనిచ్చేవారు కాదు. మే నెలలో మన దగ్గర ఎండ 43, 44 డిగ్రీలు దాటుతుంది, పొద్దున 7 గంటలకే గచ్చు వేడెక్కుతుంది. దాహానికి ఓర్చుకోవడం గట్టిదనం కాదు. పావుగంటకోసారి రెండు గుక్కలు తాగాలి, అయ్యాక ఉప్పేసిన మజ్జిగ. తల తిరిగినా, మాట తడబడినా, చెమట ఆగిపోయినా క్లాసు ఆపి నీడకు తీసుకుపోయి ఒళ్ళు తడపాలి, తల తిరగడం తగ్గకపోతే దవాఖానకే, మాట తడబడినా చెమట ఆగినా తగ్గేదాకా చూడకుండా వెంటనే.

ఆలస్యానికి వంద కప్పగెంతులు రెండోది. అంత లోతుగా వంగి గెంతితే మోకాలి చిప్ప మీద ఒత్తిడి చాలా ఎక్కువ, అదీ ఒట్టి సిమెంటు మీద. మూడోది, స్ప్లిట్స్‌లో, అంటే కాళ్ళు రెండు పక్కలకు పూర్తిగా చాపి కూర్చుని ఉన్నవాడి వీపు మీద సీనియర్‌ను కూర్చోబెట్టడం. గజ్జల్లో కండరం చిట్లితే మానడానికి వారాలు పడుతుంది. ఒళ్ళు వేడెక్కాక ఎవరికి వారు 30 సెకన్ల చొప్పున సాగదీసుకుంటే అదే స్ప్లిట్ ఆలస్యంగానైనా వస్తుంది. పిల్లలతో గచ్చు మీద పిడికిలి పుషప్‌లు అక్కర్లేదు, మ్యాట్ మీద చాలు. ఈ మధ్య సార్ నీళ్ళ విషయంలో మారారు. గెంతులు ఇంకా ఉన్నాయి.

ఆయన దగ్గర ఏళ్ళ తరబడి చేసిన వాళ్ళను కాజీపేట బస్సులో నిలబడ్డప్పుడు చూడండి. సడన్ బ్రేకు పడితే చెయ్యి రాడ్డును వెతికేలోపే మోకాళ్ళు వంగి నడుము కిందికి దిగుతుంది. భయం వేసినప్పుడు ఊపిరి బిగబట్టరు, వదులుతారు. ప్రాక్టీసు తగ్గిపోయిన వాళ్ళలోనూ ఇవి పోలేదు.

సార్ తప్పు కూడా అలాగే నిలిచింది. పాత దెబ్బ వల్ల ఆయన కుడి భుజం గుద్దేటప్పుడు కొంచెం పైకి లేస్తుంది. ఆయన్నే చూసి నేర్చుకున్న సీనియర్లందరికీ అదే భుజం లేస్తుంది, దెబ్బ తగలనివాళ్ళకు కూడా. ఎదురుగా ఫోన్ పెట్టి నడుము నుంచి తల దాకా వీడియో తీసుకుంటేనే కనబడుతుంది. చంకలో మడిచిన చేతిరుమాలు పెట్టుకుని మెల్లగా 20 గుద్దులు వేయండి. చెయ్యి సగం చాపేలోపే రుమాలు జారితే భుజం లేచినట్టు. వేగం పెంచడం ఆ తర్వాతే.