పుట్టగొడుగుల స్పాన్: కొరియర్‌లో తెప్పించింది, వెళ్లి తెచ్చుకున్నది

తెనాలి దగ్గర మా ఊళ్లో, పెరట్లో ఉన్న రేకుల షెడ్డులో రెండేళ్లుగా ముత్యపు చిప్ప పుట్టగొడుగులు పెంచుతున్నాను. కొత్తగా మొదలుపెట్టాలనుకునే వాళ్లు నన్ను ముందుగా అడిగేది స్పాన్, అంటే పుట్టగొడుగుల విత్తనం, ఎక్కడ తీసుకోవాలి అనే. నేను డబ్బు పెట్టి కొన్న రెండు చోట్లా ఏం జరిగిందో రాస్తున్నాను.

మొదటిసారి ఆన్‌లైన్‌లో కొన్నాను. కిలో 140 రూపాయల చొప్పున ఐదు కిలోలకు ముందే డబ్బు కట్టేశాను. గురువారం పంపామన్నారు, మధ్యలో ఆదివారం రావడంతో మంగళవారానికి గానీ చేతికి అందలేదు. అసలే అక్టోబరు ఎండలు, మామూలు అట్టపెట్టెలో పెట్టి పంపారు, ప్యాకెట్ మీద ఎప్పుడు తయారుచేశారో తేదీ కూడా లేదు. మంచి స్పాన్ అయితే జొన్న గింజల చుట్టూ తెల్లటి దారాలు అల్లుకుని ప్యాకెట్ అంతా ఒకే ముద్దలా ఉంటుంది, చేత్తో నలిపితే గింజలు విడివడతాయి, ముక్కు దగ్గర పెట్టుకుంటే తాజా పుట్టగొడుగు వాసనే వస్తుంది. నాకు వచ్చిన ప్యాకెట్లలో అడుగున పసుపు నీరు దిగి ఉంది. మూతి దగ్గర దూది తీయగానే పులిసిన కల్లు వాసన. అప్పుడే పారేయాల్సింది, కానీ స్పాన్ కలపాల్సిన గడ్డి అప్పటికే నానబెట్టి, ఉడికించి, నీడలో ఆరబెట్టి ఉంది, రెండు రోజుల కష్టం పోతుందని వేసేశాను.

50 బెడ్లలో, అంటే గడ్డి, స్పాన్ కలిపి నింపిన కవర్లలో, 31 పోయాయి. ఎనిమిదో రోజుకే కవర్ల లోపల ఆకుపచ్చ బూజు మచ్చలు కనిపించాయి, ఒక్కొక్కటీ షెడ్డు బయటికి మోసి గొయ్యి తీసి పూడ్చాం. ఫోన్ చేస్తే "మీ గడ్డి సరిగ్గా ఉడకలేదమ్మా" అన్నారు. అదే రోజు, అదే గడ్డిలో, పక్కూరి అక్క ఇచ్చిన అరకిలో స్పాన్‌తో ఐదు బెడ్లు వేశాను, ఆ ఐదూ పాలలా తెల్లగా అల్లుకున్నాయి. ఫొటోలు పంపినా జవాబు లేదు, డబ్బూ వెనక్కి రాలేదు. పండిందంతా మేమే కొంటామని స్పాన్ అమ్మేటప్పుడు వాళ్లు చెప్పిన మాట కూడా ఎండబెట్టిన వాటికే అని తర్వాత తెలిసింది. పది కిలోల పచ్చివి ఎండబెడితే వచ్చేది కిలో, వాళ్లు చెప్పిన రేటుకి మన కూలి కూడా గిట్టదు.

రెండోది బస్సులో రెండు గంటల దూరంలో ఒకాయన నడిపే చిన్న ల్యాబ్. ధర కిలో 120. ప్రతి ప్యాకెట్ మీద పెన్నుతో తేదీ రాసి ఉంటుంది, నెల దాటినవి అడిగినా ఇవ్వరు. పొద్దున్నే రమ్మంటారు, ఎండెక్కకముందే థర్మకోల్ పెట్టెలో పెట్టి ఇస్తారు. నా గడ్డి కొంచెం తీసుకెళ్లి చూపిస్తే గుప్పిట్లో గట్టిగా పిండి, చెయ్యి తడవాలి గానీ నీటి బొట్టు కారకూడదని చెప్పారు. కోత మిషన్ నలిపిన గడ్డి, వానకు తడిసిన గడ్డి వద్దని, చేత్తో కోసిన గడ్డినే రెండు అంగుళాల ముక్కలుగా నరకమని చెప్పింది కూడా ఆయనే.

ఆయన స్పాన్‌తో వేసిన 60 బెడ్లలో చెడిపోయినవి మూడే. కిలో ఎండుగడ్డి బెడ్డుకి వంద గ్రాముల స్పాన్ వేసి చీకటి గదిలో 18 రోజులు ఉంచాను, తర్వాత రంధ్రాలు పెట్టి రోజుకు మూడుసార్లు నీళ్లు పిచికారీ చేస్తే నాలుగో రోజుకి గుండుసూది తలల్లా మొలకలు కనిపించాయి. మూడు కోతలూ కలిపి బెడ్డుకి 600 గ్రాముల పైనే వచ్చింది.

ఇబ్బందులు లేకపోలేదు. మూడు వారాల ముందే చెప్పాలి, ఫోన్ ఒక పట్టాన ఎత్తరు, రసీదు అడిగితే తెల్లకాగితం మీద రాసిస్తారు. కొరియర్ చేయరు కాబట్టి దూరం వాళ్లకు కుదరదు. అలాంటివాళ్లు కొరియర్‌లోనే తెప్పించుకోవాల్సి వస్తే సోమవారం పంపమనండి, తేదీ కనిపించేలా ప్యాకెట్ ఫొటో పెట్టమనండి, మొదటిసారి కిలోకి మించి కొనకండి, ప్యాకెట్ విప్పి చూశాకే గడ్డి నానబెట్టండి.

ఎండాకాలంలో ముత్యపు చిప్ప మా దగ్గర నిలవదు, 30 నుంచి 35 డిగ్రీల వేడిలో వచ్చేవి పాల పుట్టగొడుగులే. వాటి స్పాన్ కూడా ఆయనకే చెప్పాను, మార్చి మొదటి వారంలో ఇస్తానన్నారు.