పీజీబెంచ్ సమీక్ష: ఆ అంకె నిజంగా ఇండెక్స్‌దేనా?

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌తో పాటే వచ్చే వేగపరీక్ష టూల్ పీజీబెంచ్‌ని ఏళ్ల తరబడి వాడుతున్నాను, ఎక్కువగా ప్రైమరీ కీతో, అంటే ప్రతి రోకీ వేరుగా ఉండే గుర్తింపు విలువతో, ఒక్క రో తెచ్చే క్వెరీల (పాయింట్ లుకప్‌ల) వేగం కొలవడానికి. ఒకే మెషీన్ మీద రెండు సెట్టింగులను పోల్చడానికి ఇంతకంటే నమ్మకమైన టూల్ నాకు దొరకలేదు. కానీ ఆ క్వెరీలను మిగతా సెట్టింగులు డిఫాల్ట్‌గానే ఉంచి నడిపితే, అది చూపే అంకెలో ఇండెక్స్ (రోను త్వరగా వెతికిపెట్టే సూచిక) వాటా కొంచెమే. మిగతాదంతా క్వెరీని పార్స్ చేసి, ప్లాన్ వేసి, సాకెట్ మీదుగా అటూ ఇటూ పంపడానికి పట్టే సమయం.

స్కేల్ (టెస్ట్ డేటా ఎంత పెద్దదో చెప్పే అంకె) 100తో ఇనిషియలైజ్ చేస్తే పీజీబెంచ్ తయారుచేసే అకౌంట్స్ టేబుల్‌లో 1 కోటి రోలు పడతాయి. టేబుల్ సుమారు 1.3 జీబీ, దాని ప్రైమరీ కీ ఇండెక్స్ సుమారు 214 ఎంబీ. షేర్డ్ బఫర్స్ (పోస్ట్‌గ్రెస్ పేజీలను ఉంచుకునే మెమరీ) డిఫాల్ట్ 128 ఎంబీయే కాబట్టి అందులో ఇండెక్స్ కూడా పూర్తిగా పట్టదు. మెమరీలో ఉన్న డేటాను కొలుస్తున్నారా, డిస్క్‌ని కొలుస్తున్నారా అన్నది ఇక్కడే తేల్చుకోవాలి. మెమరీనే అయితే బఫర్స్ పెంచి, పీజీ ప్రీవార్మ్ ఎక్స్‌టెన్షన్‌తో టేబుల్‌నీ ఇండెక్స్‌నీ రెంటినీ ముందే లోడ్ చేయండి.

ఆ టేబుల్ మీద ఒక్క క్వెరీకి, అది ఎలా నడిచిందో చూపే ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్‌ని బఫర్స్ ఆప్షన్‌తో నడిపి చూడండి. 4 బఫర్లు (చదివిన పేజీలు) కనిపించాలి: ఇండెక్స్ నిర్మాణమైన బీ-ట్రీలో రూట్, మధ్య స్థాయి, లీఫ్ కలిపి 3 పేజీలు, ఆపైన టేబుల్ పేజీ ఒకటి. మెమరీలో ఉన్న 8 కేబీ పేజీలు నాలుగు తిరగేయడం మైక్రోసెకన్ల పని. అదే అవుట్‌పుట్‌లో ప్లానింగ్ టైమ్ చాలాసార్లు ఎగ్జిక్యూషన్ టైమ్‌ని మించి ఉంటుంది. అందుకే పెద్ద ఎమ్ ఆప్షన్‌కి ప్రిపేర్డ్ (ఒకసారి సిద్ధం చేసిన క్వెరీనే మళ్లీ మళ్లీ వాడే పద్ధతి) అని ఇవ్వకుండా పాయింట్ లుకప్ కొలవడంలో అర్థం లేదంటాను. చదవడం మాత్రమే చేసే సెలెక్ట్ ఓన్లీ టెస్ట్‌కి పెద్ద ఎస్, స్కేల్‌కి చిన్న ఎస్. ఈ రెండూ తారుమారు కాకుండా చూసుకోవాలి.

అన్నిటికన్నా ప్రమాదకరమైన తప్పు సొంత స్క్రిప్ట్‌తో నడిపేటప్పుడు జరుగుతుంది. బిల్ట్-ఇన్ టెస్టులకు స్కేల్ ఎంతో పీజీబెంచ్ తనే టేబుళ్లను చూసి తెలుసుకుంటుంది. సొంత ఫైల్ మాత్రమే ఇచ్చినప్పుడు, కమాండ్‌లో స్కేల్ చెప్పకపోతే దాన్ని 1గా తీసుకుంటుంది. స్క్రిప్ట్‌లో ర్యాండమ్ పరిధిని స్కేల్ వేరియబుల్‌తో లెక్కించి ఉంటే, కోటి రోలున్న టేబుల్‌లో మొదటి 1,00,000 రోలనే పదేపదే చదువుతుంది. అవన్నీ క్యాష్‌లోనే ఉంటాయి కాబట్టి అంకె అద్భుతంగా వస్తుంది. ఎర్రర్ మాత్రం ఏదీ రాదు. ఫలితం బాగున్నప్పుడు ఎవరూ అనుమానించరు, అదే దీనితో చిక్కు.

కాలమ్ ఇంటీజర్ (పూర్ణాంక టైప్) అయి, అప్లికేషన్ నుంచి విలువ న్యూమరిక్‌గా (దశాంశ టైప్‌గా) వస్తే ఇంకో రకం దెబ్బ. పోలిక కోసం కాలమ్‌నే న్యూమరిక్‌గా మార్చాల్సి వస్తుంది కాబట్టి ఇండెక్స్ పక్కకు పోయి, టేబుల్ మొత్తం చదివే సీక్వెన్షియల్ స్కాన్ వస్తుంది. బెంచ్‌మార్క్ వేగంగా, అప్లికేషన్ నెమ్మదిగా ఉంటే ముందు ఈ టైపులనే చూడండి.

థ్రెడ్ల సంఖ్య డిఫాల్ట్ 1. 32 క్లయింట్లు పెట్టి థ్రెడ్లు పెంచకపోతే డేటాబేస్ కన్నా ముందు పీజీబెంచే అలసిపోతుంది. రెండూ ఒకే మెషీన్ మీద ఉంటే సీపీయూ కోసం పోటీ పడతాయన్నదీ లెక్కలో పెట్టుకోండి. సీపీయూ గవర్నర్‌ని (సీపీయూ వేగాన్ని నియంత్రించే సెట్టింగ్‌ని) పెర్ఫార్మెన్స్‌కి మార్చి, రన్‌కి కనీసం 60 సెకన్లు ఇచ్చి, మూడుసార్లు నడిపి మధ్య విలువ తీసుకుంటే చాలు.

నా పెద్ద ఫిర్యాదు పర్సెంటైల్స్ గురించి. పీజీబెంచ్ సగటు లేటెన్సీ (ఒక్కోసారి పట్టే సమయం) ఇస్తుంది, అడిగితే స్టాండర్డ్ డీవియేషన్ ఇస్తుంది, 99వ పర్సెంటైల్ (నూటికి 99 ఎంత సమయంలోపు ముగిశాయన్నది) మాత్రం చెప్పదు. చిన్న ఎల్‌తో లాగ్ రాయించి, అందులో మూడో ఫీల్డ్‌లో మైక్రోసెకన్లలో ఉండే సమయాన్ని సార్ట్ చేసుకోవాలి. ఇంత పొట్టి క్వెరీలకు ఆ లాగ్ రాయడమే భారం కాబట్టి నూటికి ఒకటే లాగ్ అయ్యేలా శాంప్లింగ్ రేట్ 0.01 పెడితే సరిపోతుంది.

మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌తో పోల్చాలంటే సిస్‌బెంచ్ అనే మరో బెంచ్‌మార్క్ టూల్‌లోని పాయింట్ సెలెక్ట్ టెస్ట్ వాడండి, అది 95వ పర్సెంటైల్ తనే చూపిస్తుంది. అయితే దాని 1.0 వెర్షన్‌లో ర్యాండమ్ టైప్ డిఫాల్ట్‌గా స్పెషల్, అంటే కొన్ని రోల మీదే ఎక్కువ క్వెరీలు పడతాయి. అన్ని రోలకూ సమాన అవకాశమిచ్చే యూనిఫామ్‌కి మార్చకుండా ఆ అంకెను పీజీబెంచ్ అంకె పక్కన పెట్టకండి.