మధ్యాహ్నం ఆగిపోయిన సోలార్: సూర్యఘర్ సబ్సిడీతో ఏడాదిన్నర

ఇంటి మీద సోలార్ పెట్టుకుంటే కేంద్రం సబ్సిడీ ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకం కింద మా డాబా మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టించి ఏడాదిన్నర దాటింది. ఎలా అప్లై చేయాలి, ఏ కాగితాలు కావాలి అన్నవి ఇప్పటికి అందరికీ తెలిసినవే, వాటి జోలికి వెళ్లను. సబ్సిడీ వచ్చిన కొత్తలో కనిపించిన వాళ్లందరికీ దీని గురించి చెప్పాను. నా మాట విని మా వీధిలోనే మరో ముగ్గురు పెట్టించుకున్నారు. అప్పుడు చెప్పనిది, చెప్పాల్సింది ఒకటి మిగిలిపోయింది. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు మంచి చెప్పాలి. 2024 జులై చివర్లో ప్యానెళ్లు ఎక్కాయి. ఆగస్టులో నెట్ మీటర్ (మనం వాడిన కరెంటునీ, బయటికి పంపిన కరెంటునీ రెండూ లెక్కపెట్టేది) బిగించారు. తనిఖీ ఒక్క పూటలో అయిపోయింది. పోర్టల్‌లో బ్యాంకు వివరాలు ఇచ్చిన 22వ రోజున 78,000 రూపాయలు ఖాతాలో పడ్డాయి. ఎవరి చుట్టూ తిరగలేదు, ఎవరి చేతిలోనూ రూపాయి పెట్టలేదు. మీటరు అంతకుముందు నాన్నగారి పేరున ఉండేది. ఆయన పోయాక నా పేరుకు మార్పించుకుని ఉండటం కలిసొచ్చింది. మా తోడల్లుడు ఆ పని చేసుకోక, తీరా అప్లై చేశాక పేరు మార్పు కోసం నెలల తరబడి ఆగాల్సి వచ్చింది. ఇంకో మాట, సబ్సిడీ అన్నీ అయ్యాక వచ్చే డబ్బు. అప్పటిదాకా ఖర్చంతా మనమే భరించాలి. బ్యాంకులు ఈ పథకానికి తక్కువ వడ్డీకి లోను ఇస్తున్నాయి కానీ, నేను మాత్రం చీటీ పాడి కట్టాను.

మొదటి ఆరేడు నెలలు చెప్పుకోదగ్గ ఇబ్బంది లేదు. రోజుకు సగటున 12 యూనిట్లు వచ్చేవి. వానాకాలంలో తగ్గాయి, అది ఎవరికైనా తప్పదు. మా ఆంధ్రలో మొదటి 30 యూనిట్లు 1.90 చొప్పున పడితే, 400 దాటాక యూనిట్ 9.75. సోలార్ తగ్గించేది ఆ పైస్లాబు యూనిట్లనే కాబట్టి బిల్లులో తేడా బాగా తెలుస్తుంది. ఏసీ వేసే నెలల్లో 3 వేలు దాటే బిల్లు 300 దగ్గరికి వచ్చింది.

అసలు కథ 2025 మార్చిలో మొదలైంది.

ఒకరోజు మధ్యాహ్నం భోజనం చేస్తుంటే మా ఆవిడ, "మెట్ల కింద ఏదో టక్‌టక్‌మంటోంది, ఒకసారి చూడండి" అంది. ప్యానెళ్ల కరెంటును ఇంట్లో వాడే కరెంటుగా మార్చే ఇన్వర్టర్ అక్కడే ఉంటుంది. వెళ్లి నిలబడ్డాను. లోపల స్విచ్ టక్‌మని పడింది, ఆకుపచ్చ లైటు పోయి ఎర్ర లైటు వెలిగింది. స్క్రీన్ మీద గ్రిడ్ (బయటి కరెంటు లైను) వోల్టేజీ ఎక్కువైందని చూపించి, 60 సెకన్ల నుంచి వెనక్కి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. సున్నాకి రాగానే మళ్లీ టక్, ఆకుపచ్చ. రెండు మూడు నిమిషాలు బాగా నడిచి మళ్లీ ఎర్ర లైటు. 12 నుంచి ఒంటిగంట దాకా అక్కడే కుర్చీ వేసుకుని కూర్చుంటే పదిహేను సార్లకు పైగా ఆగింది. బయట ఎండ మండిపోతోంది. ఏడాది మొత్తంలో కరెంటు బాగా తయారవ్వాల్సిన రోజులవి. సోలార్ ఎంత తయారైందో చూపే యాప్ ఫోన్‌లో తెరిచి వెనక్కి చూస్తే అప్పటికే మూడు వారాలుగా ఇదే వరస. పొద్దుటి నుంచి నున్నగా ఎక్కిన గీత, 11 గంటలకల్లా రంపం పళ్లలా తయారవుతోంది. రోజుకు 12 రావాల్సింది 7 దగ్గర ఆగిపోతోంది. బిల్లు మళ్లీ వెయ్యి దాటినా అప్పటిదాకా నేను యాప్ తెరిచి చూసుకోలేదు. మొదట్లో రోజూ చూసేవాణ్ని, తర్వాత మానేశాను.

సోలార్ బిగించిన కంపెనీ వాళ్లకు ఫోన్ చేశాను. ఐదేళ్లు సర్వీసు బాధ్యత బిగించిన వాళ్లదే. మనిషి వచ్చాడు, కాదనను. ఇన్వర్టర్ బాగానే ఉంది, లైను సమస్య అన్నాడు. కరెంటు ఆఫీసుకు వెళ్తే లైను బాగానే ఉంది, సోలార్ వాళ్లను అడగండి అన్నారు. ఈ రెండు మాటల మధ్య ఆరు వారాలు గడిచాయి. సబ్సిడీ విడుదలకు పోర్టల్‌లో ఒక్కో మెట్టూ కనిపిస్తుంది. ఇది ఎవరికి చెప్పుకోవాలో మాత్రం ఎక్కడా కనపడలేదు. నాకు కోపం వచ్చింది అక్కడే. ఈ డబ్బు ఇచ్చేది మనం ఎన్ని కిలోవాట్లు పెట్టామని చూసి. అవి ఎన్ని యూనిట్లు ఇస్తున్నాయో తర్వాత చూసే కన్ను లేదు. తనిఖీ జరిగిన రోజు మబ్బు పట్టి ఉంది, పైగా వీధిలో సోలార్ మాదొక్కటే. ఆ రోజు చూసినవాళ్లకు తప్పేమీ కనపడదు.

కంపెనీ మనిషి ఇంకో సలహా ఇచ్చాడు. మా ఇన్వర్టర్‌లో పెట్టిన హద్దు 253 వోల్టులు, అది దాటితే ఆగిపోతుంది, దాన్ని 270కి పెంచేస్తే ఆగదు అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఇన్వర్టర్ ఆగకపోవచ్చు, కానీ అదే వోల్టేజీ మా ఫ్రిజ్‌కీ, ఏసీకీ వెళ్తుంది కదా!

చివరికి నేనే మీటరు దగ్గర కూర్చున్నాను. డిజిటల్ మీటర్ బటన్ నొక్కితే వోల్టేజీ చూపిస్తుంది. ఒక మధ్యాహ్నం సోలార్ నడుస్తుండగా 254 ఉంది. సోలార్ బ్రేకర్ దించగానే 246కి పడిపోయింది. మళ్లీ ఎత్తితే మళ్లీ 254. నాలుగు రోజులు ఇలాగే చేసి నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఆ 8 వోల్టులు మా ఇంటివే. స్తంభం నుంచి మాకు 45 మీటర్ల పాత సన్న అల్యూమినియం సర్వీసు వైరు ఉంది. మా కరెంటు ఆ వైరు గుండా బయటికి పోవాలంటే ఇన్వర్టర్ వోల్టేజీ పెంచి తొయ్యాలి. వైరు ఎంత సన్నమైతే అంత పెంచాలి. మిగతా 246 మాత్రం లైనుదే.

ఆ నోట్‌బుక్ తీసుకెళ్లి చూపించాక మాట మారింది. లైన్‌మన్ వచ్చి స్తంభం ఎక్కి దిగి, "సార్, మీ వీధిలో నాలుగు సోలార్లూ ఒకే ఫేజ్ మీద ఉన్నాయి" అన్నాడు. ఫేజ్ అంటే స్తంభం మీద కరెంటు తెచ్చే మూడు తీగల్లో ఒకటి, ఒక్కో ఇంటికి ఒక్కో దాని నుంచి కరెంటు ఇస్తారు. మధ్యాహ్నం అందరూ పనులకు వెళ్లిపోతే ఇళ్లలో వాడకం ఉండదు, నాలుగు ఇళ్ల కరెంటూ ఒకే ఫేజ్‌లోకి చేరుతుంది, వోల్టేజీ పైకి లేస్తుంది. మాది వాడకం ఎక్కువున్న ఇంకో ఫేజ్‌కు మార్చాడు. అరగంట పని. సర్వీసు వైరు 10 చదరపు మిల్లీమీటర్లది మేమే కొని వేయించుకున్నాం. ఇప్పుడు మిట్టమధ్యాహ్నం 241, 242 దగ్గర ఉంటోంది. అప్పటి నుంచి ఒక్కసారి కూడా ఆగలేదు. అప్పటికి మే నెల సగం అయిపోయింది, నా లెక్కలో 350 యూనిట్ల దాకా పోయాయి.

పోయిన యూనిట్ల కంటే నన్ను బాధపెట్టింది ఎదురింటి మాస్టారు. ఆయన రిటైరైన డబ్బుతో, నా మాట మీద పెట్టించుకున్నారు. ఆయన ఇన్వర్టర్ కూడా అలాగే ఆగుతోందని ఆయనకు తెలియనే తెలియదు. యాప్ వాడరు. సోలార్ అంటే ఇంతేనేమో అనుకున్నారట. మాది ఫేజ్ మార్చాక ఆయన ఇంట్లోనూ చాలావరకు సర్దుకుంది.

కరెంటు పోతే సోలార్ కూడా పోతుందన్నది ఇంకొక ఫిర్యాదుగా చాలామంది చెబుతారు. అది మన సోలార్ కరెంటు లైన్లోకి పోయి, అక్కడ పనిచేసేవాళ్ల ప్రాణం మీదికి రాకుండా పెట్టిన ఏర్పాటు, దాన్ని నేను తప్పుపట్టను. పైగా నేను అనుకోని మేలు ఒకటి ఉంది. ప్యానెళ్ల నీడ పడే పైగదిలో సీలింగు మునుపటిలా సెగలు కక్కట్లేదు. పిల్లలు మే నెలలో కూడా రాత్రి రెండు గంటలకల్లా ఏసీ ఆపి ఫ్యాన్‌తో పడుకుంటున్నారు.

మరి పెట్టించుకోవచ్చా అంటే, మాది సొంత డాబా, చెట్ల నీడ లేదు, ఏసీలకు అలవాటు పడ్డ ఇద్దరు పిల్లలు, నెలకు 400 యూనిట్ల వాడకం. మాకు గిట్టింది. నెలకు వంద యూనిట్లు వాడే ఇంటికి ఇంత తొందర అక్కర్లేదని నా అభిప్రాయం. 3 కిలోవాట్లు దాటితే సబ్సిడీ పెరగదు కాబట్టి అంతకంటే పెద్దది పెట్టేముందు బాగా ఆలోచించుకోండి. లైను చివర ఉన్న ఇల్లయితే డబ్బు కట్టక ముందే మిట్టమధ్యాహ్నం మీటర్లో వోల్టేజీ ఎంతుందో రాసుకోండి. వీధిలో సోలార్ ఉన్నవాళ్లు ఏ ఫేజ్ మీద ఉన్నారో లైన్‌మన్‌ని అడగండి.

మా వెనక వీధిలో ఒకాయన ఈ నెల పెట్టించుకోవాలనుకుంటున్నారు. ఆదివారం 12 గంటలకు నోట్‌బుక్ పట్టుకుని వాళ్ల మీటరు దగ్గరికి వస్తానని చెప్పాను.