సొంతంగా చేసిన గిటార్‌కు బ్రిడ్జ్ పికప్: వార్మ్ సౌండ్ కావాలంటే ఏది మేలు?

ఒడిశాలో మన బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం కుర్రాళ్లు నన్ను తరచూ అడిగేది ఇదే. గుమ్మడిటేకుతో, అదే ఇక్కడి గంభారితో, బాడీ కోశాం, నెక్ బిగించాం, అంతా కుదిరింది. బ్రిడ్జ్ పికప్ (బ్రిడ్జ్ పక్కన ఉండి తీగల కంపనాన్ని కరెంటు సిగ్నల్‌గా మార్చేది) మాత్రం చెవుల్లో గుచ్చుతోంది. ఏది వేస్తే వార్మ్‌గా, అంటే చెవికి మెత్తగా, నిండుగా పలుకుతుంది?

పోటీ ముఖ్యంగా రెండింటి మధ్యే. ఒకటి, తక్కువ చుట్లతో ఆల్నికో 2 అనే రకం అయస్కాంతం పెట్టిన హంబకర్, అంటే హమ్‌ను అణిచే రెండు కాయిళ్ల పికప్. సేమర్ డంకన్ ఆల్నికో టూ ప్రో అలాంటిదే, దాని కాయిల్ నిరోధం సుమారు 8 కిలో ఓమ్‌లు. రెండోది హాట్ హంబకర్, అంటే ఎక్కువ చుట్లతో గట్టిగా పలికేది. అదే కంపెనీ జేబీ సుమారు 16 కిలో ఓమ్‌లు.

అంకె పెద్దదైతే వార్మ్‌గా ఉంటుందని చాలామంది జేబీ వైపు మొగ్గుతారు. అందులో కొంత నిజముంది. చుట్లు పెరిగేకొద్దీ పికప్ అన్నిటికంటే గట్టిగా పలికే ఫ్రీక్వెన్సీ కిందికి దిగుతుంది, పై ట్రెబుల్ తగ్గుతుంది. అయితే ఆ గట్టిదనం వెళ్లి మిడ్స్‌లో, అంటే మధ్య ఫ్రీక్వెన్సీల్లో, కూర్చుంటుంది. డిస్టార్షన్‌లో సోలోకు బాగుంటుంది గానీ, క్లీన్‌లో, అంటే డిస్టార్షన్ లేకుండా, నిండు కార్డ్ మీటితే స్వరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. పైగా సన్నటి తీగ చుట్టినా ఓమ్‌లు పెరుగుతాయి, కాబట్టి ఆ అంకెను బట్టే టోన్ చెప్పలేం.

ఆల్నికో 2 బలం, పికప్‌లలో వాడే మరో రకం ఆల్నికో 5 కంటే తక్కువ. మీటిన క్షణం దెబ్బ మెత్తగా ఉంటుంది, ట్రెబుల్ అంచు గుండ్రబడుతుంది, స్వరాలు మాత్రం విడివిడిగానే వినిపిస్తాయి. చర్చిలో కార్డ్స్ వాయించేవాళ్లకు, మెలోడీ ప్రోగ్రాముల్లో పాత పాటల లీడ్ పట్టేవాళ్లకు కళ్లు మూసుకుని ఇదే చెబుతాను.

కానీ అంతకుముందు తేల్చుకోవాల్సింది, మీ గిటార్ దేనిలోకి వెళ్తోంది? మన స్టేజీల మీద గిటార్ ఆంప్ చాలాసార్లు ఉండదు. ఎఫెక్ట్స్ ప్రాసెసర్ నుంచి నేరుగా మిక్సర్‌కే. గిటార్ ఆంప్ స్పీకర్ సుమారు 5 కిలోహెర్ట్జ్ దాటిన ధ్వనిని బాగా అణిచేస్తుంది. పీఏ బాక్సుల్లోని (జనానికి వినిపించే పెద్ద స్పీకర్లలోని) ట్వీటర్ ఆ గరగరనంతా జనం మీదికి కొడుతుంది. ప్రాసెసర్‌లో క్యాబినెట్ సిమ్యులేషన్ (గిటార్ ఆంప్ స్పీకర్ ధ్వనిని అనుకరించే సెట్టింగ్) ఆఫ్‌లో ఉంటే ఎంత ఖరీదైన పికప్ వేసినా గుచ్చడం ఆగదు. ముందు అది ఆన్ చేసి వినండి. తర్వాత పికప్‌ను తీగలకు కాస్త దూరంగా దించండి. అప్పటికీ పదునుగా ఉంటే 500 కిలో ఓమ్ వాల్యూమ్ పాట్ (వాల్యూమ్ నాబ్ కింద ఉండే భాగం) తీసి 250ది సోల్డర్ చేయండి. పికప్ ధరతో పోలిస్తే పాట్ ఖర్చు లెక్కలోకే రాదు. ఇన్ని చేశాక కూడా తృప్తి లేకపోతేనే కొత్త పికప్.

ఇక మిగతా రకాలు. పీ-90 పికప్‌ను గిబ్సన్ కంపెనీ 1946లో తెచ్చింది. సింగిల్ కాయిల్ అయినా నిండుగా పలుకుతుంది, నాకు చాలా ఇష్టం. కానీ బరంపురం అమ్మవారి జాతర ఠాకురాణీ యాత్ర స్టేజీ మీద సీరియల్ లైట్లు, డిమ్మర్ల మధ్య దాని హమ్ (కరెంటు వల్ల వచ్చే గూం శబ్దం) భరించడం కష్టం. చవక సెరామిక్ హంబకర్లు ఈ పనికి నప్పవు. యాక్టివ్ పికప్‌లకు బ్యాటరీ గూడు కూడా తొలవాలి, వదిలేయండి.

ఆర్డర్ పెట్టే ముందు పికప్ కూర్చునే చోట ఒకటో తీగకూ ఆరో తీగకూ మధ్య దూరం స్కేలుతో కొలవండి. 52 మిల్లీమీటర్ల దగ్గరుంటే ఫెండర్ స్పేసింగ్ (తీగల మధ్య ఎడం ఎక్కువుండే కొలత) ఉన్నది, 49 దగ్గరుంటే మామూలు హంబకర్ తీసుకోండి.