పరగడుపున పుల్లతేన్పులు: సిరప్పు మేలా, మాత్ర మేలా, భోజనం వేళ మార్చడం మేలా?

పొద్దున కళ్లు తెరవగానే నోరంతా పులుపు, గొంతులో మంట, పొట్టలో తిప్పుతున్నట్టు వికారం. రెండేళ్లపాటు ఇదీ నా పరిస్థితి. అది తగ్గిందని తెలిసినప్పటి నుంచి బంధువులు, స్నేహితులు ఒక్కొక్కరే అదే ప్రశ్న వేస్తున్నారు: "ఏం వేసుకున్నావు?" సిరప్పు మంచిదా, మాత్ర మంచిదా, మాత్రల్లో ఏది మంచిది అని. నేను డాక్టరును కాను. అన్నీ వాడి, అందులో ఒకదాన్ని దాదాపు ఏడాది తప్పుగా వాడి, చివరికి వేరే దారి పట్టిన మనిషిని. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఒకేసారి రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. పొద్దుటి పొట్ట బాధలన్నీ ఒకటి కావు. మంట ఛాతీ వైపు, గొంతు వైపు ఎగదన్నుతుంటే అది ఆమ్లం వెనక్కి రావడం. అలా కాకుండా పొట్ట పైభాగంలో నొప్పి రాత్రి రెండు మూడు గంటలకు నిద్ర లేపి, ఏదైనా తినగానే సద్దుమణుగుతుంటే చిన్నపేగు మొదట్లో పుండు ఉందేమోనని అనుమానించాలి. అలాంటి పుండ్లకు తరచూ కారణం హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా. ఆ సంగతి బయటపెట్టినందుకు బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ బహుమతి వచ్చింది. మార్షల్ అయితే లోకాన్ని నమ్మించడానికి ఆ బ్యాక్టీరియాను పెంచిన ద్రవాన్ని తానే తాగేశాడు. దాన్ని చంపాలంటే యాంటీబయాటిక్స్ కావాలి. మంట తగ్గించే మందు ఎన్ని సీసాలు తాగినా అది కదలదు. ఇక బాధంతా బొడ్డు కిందే ఉండి, లేచిన గంటలోపు రెండు మూడుసార్లు మరుగుదొడ్డికి పరుగెత్తిస్తుంటే ఆ కథ పెద్దపేగుది. దాని గురించి చివర్లో రెండు ముక్కలు చెబుతాను. ఇక్కడ నేను పోల్చేది మొదటి రకానికి పనికొచ్చే దారులను.

ఈ బాధ తెలిసేది పొద్దున, పుట్టేది రాత్రి. నా దృష్టిలో మిగతా లెక్కలన్నిటికంటే ఇదే ముఖ్యం. మెలకువగా ఉన్నప్పుడు ఆమ్లం కాస్త పైకి వచ్చినా మనకు తెలియకుండానే గుటకలు వేస్తూ ఉంటాం. ఒక్కో గుటకకు అన్నవాహిక దాన్ని కిందికి తోసేస్తుంది, మింగిన లాలాజలం మిగిలిన పులుపును విరిచేస్తుంది. కూర్చునో నిలబడో ఉంటాం కాబట్టి భూమి ఆకర్షణ కూడా మన పక్షానే ఉంటుంది. నిద్రలో ఈ మూడు కాపలాలూ పోతాయి. లాలాజలం ఊరడం దాదాపు ఆగిపోతుంది, గుటకలు బాగా తగ్గుతాయి, ఒళ్లు అడ్డంగా వాలుతుంది. పగలైతే కొద్ది నిమిషాల్లో దిగిపోయే ఆమ్లం రాత్రి అన్నవాహికలోనే చాలాసేపు తిష్ఠ వేస్తుంది. పైగా జీర్ణాశయానికి తనదైన గడియారం ఒకటి ఉంది. ఏమీ తినకపోయినా ఆమ్లం ఎక్కువగా ఊరేది రాత్రి పదికీ రెండుకీ నడుమ. తెల్లవారేసరికి ఆ ఊట తగ్గుముఖం పడుతుంది. కాబట్టి ఏడింటికి మనకు తెలిసే మంట అప్పుడు పుట్టింది కాదు, రాత్రంతా జరిగినదాని గాటు.

ఇది ఒప్పుకున్న మరుక్షణం సిరప్పు విలువ సగానికి పడిపోతుంది. యాంటాసిడ్ సిరప్పుల్లో ఉండేవి సాధారణంగా మెగ్నీషియం హైడ్రాక్సైడ్, అల్యూమినియం హైడ్రాక్సైడ్. నమిలే బిళ్లల్లో కాల్షియం కార్బొనేట్. ఇవి ఉన్న ఆమ్లాన్ని అక్కడికక్కడే విరుస్తాయి, కొత్తగా ఊరేదాన్ని ఆపలేవు. నిమిషాల్లో హాయి ఇస్తాయన్నది నిజమే. కానీ ఖాళీ కడుపులో పడిన సిరప్పు అరగంటకో గంటకో పేగుల్లోకి జారిపోతుంది. అదే భోజనం తర్వాత తాగితే రెండు మూడు గంటలు నిలుస్తుంది. అంటే మనం ఏరికోరి పరగడుపున, అది అన్నిటికంటే తక్కువసేపు పనిచేసే వేళకు తాగుతున్నామన్నమాట. దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు. దీని ఇబ్బందులు కూడా చిన్నవే గానీ ఉన్నాయి: మెగ్నీషియం ఎక్కువైతే విరేచనాలు, అల్యూమినియం ఎక్కువైతే మలబద్ధకం. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా ముట్టుకోకూడదు. పొద్దున థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లకు ఇంకో చిక్కు. ఈ సిరప్పు థైరాయిడ్ మందును ఒంటికి పట్టనివ్వదు. రెంటికీ మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలి. ఐరన్ మాత్రలదీ దాదాపు ఇదే గొడవ.

తర్వాతిది ఫామోటిడిన్, అంటే ఆమ్లం ఊరమని చెప్పే హిస్టమిన్ సంకేతాన్ని అడ్డుకునే మాత్రల్లో ఒకటి. ఈ కుటుంబంలో మొదట వాడుకలోకి వచ్చినది 1976లో సిమెటిడిన్; దాన్ని తయారుచేసిన జేమ్స్ బ్లాక్‌కు 1988లో నోబెల్ వచ్చింది. చాలామందికి అలవాటైన రానిటిడిన్ కూడా ఈ కుటుంబందే. అందులో క్యాన్సర్ కారకంగా అనుమానించే ఎన్‌డీఎంఏ అనే మలినం బయటపడడంతో 2020లో అమెరికా దాన్ని మార్కెట్టు నుంచి పూర్తిగా తీసేయించింది. ఫామోటిడిన్ మీద ఆ మచ్చ లేదు. వేసుకున్న గంటకు పని మొదలుపెట్టి పది పన్నెండు గంటలు నిలుస్తుంది. రాత్రిపూట ఊరే ఆమ్లం మీద ఇది ప్రత్యేకించి బాగా పనిచేస్తుంది కాబట్టి పడుకునే ముందు వేసుకోవడానికి తగిన మాత్ర. ఒక్కటే లోపం: రోజూ వాడితే ఒకటి రెండు వారాల్లో ఒళ్లు దానికి అలవాటుపడిపోతుంది, మొదటి రోజుల పదును ఉండదు. కాబట్టి దీన్ని నేను రోజువారీ మందుగా లెక్కించను. భోజనం ఆలస్యం కాక తప్పని రాత్రికి మాత్రం దీన్ని మించింది లేదు.

ఒమెప్రజోల్, పాంటోప్రజోల్, రాబెప్రజోల్ వంటివి, అంటే అందరూ 'గ్యాస్ మాత్ర' అని పిలిచేవి, బలంలో అన్నిటికంటే పైన. ఆమ్లాన్ని బయటికి తోడే సూక్ష్మమైన పంపులను ఇవి మూసేస్తాయి. నేను ఏడాది తప్పుగా వాడింది దీన్నే. బాధ రాత్రిది కదా అని మాత్రను రాత్రి భోజనమయ్యాక, దిండు మీద తల వాల్చే ముందు వేసుకునేవాణ్ని. తర్కం బాగానే ఉందనిపించింది. సగం గుణమే కనిపించేసరికి మందు చాలడం లేదనుకుని నా అంతట నేనే రెండు చేశాను. చివరికి ఒక డాక్టరు దగ్గరకు వెళితే ఆయన మందు పేరు అడగలేదు, ఏ వేళకు వేసుకుంటున్నావని అడిగారు. విషయం ఏమిటంటే ఈ మందు పనిలో ఉన్న పంపులనే పట్టుకుంటుంది, పడుకున్న పంపుల జోలికి పోదు. పంపులను లేపేది భోజనం. మందు రక్తంలో నిలిచేది చాలా కొద్ది గంటలు; ఆ కాస్త సమయంలో పంపులు లేచి ఉండాలి. అందుకే తినడానికి అరగంట నుంచి గంట ముందు వేసుకోవాలి. తిన్నాక, అందులోనూ నిద్రపోయే ముందు వేసుకుంటే మందు వచ్చేసరికి పంపుల్లో చాలావరకు ముసుగు తన్ని ఉంటాయి. వేళ మార్చాక నాకు ఒక్క మాత్రే సరిపోయింది.

దీనికి ఇంకో రెండు గుణాలున్నాయి. పూర్తి బలం రావడానికి మూడు నుంచి ఐదు రోజులు పడుతుంది. కాబట్టి మంట వచ్చిన రోజున ఒకటి మింగి ఊరుకుంటే పెద్దగా ఒరిగేదేమీ లేదు. రెండోది, నెలల తరబడి వాడి ఉన్నట్టుండి ఆపేస్తే కొన్ని వారాలు ఆమ్లం మునుపటికంటే ఎక్కువగా ఊరవచ్చు. చాలామంది ఆ మంటను చూసి భయపడి, "ఇది లేకపోతే నేను బతకలేను" అని మళ్లీ మొదలుపెడతారు. జబ్బు తిరగబెట్టిందనుకుంటారు గానీ అది మందు మానిన గుణం. మెల్లగా తగ్గిస్తూ ఆపడమే దారి. ఏళ్లకేళ్లు వాడేవాళ్లలో బి12 విటమిన్, మెగ్నీషియం తగ్గే అవకాశం ఉంది. అయితే అన్నవాహిక ఒరిసిపోయినవాళ్లు, రోజూ ఆస్పిరిన్ లేదా నొప్పి మాత్రలు తప్పనివాళ్లు డాక్టరు చెప్పి దీన్ని వాడుతుంటే, నా మాట పట్టుకుని మానవద్దు. వాళ్లకు ఇది రక్షణ.

ఇప్పుడు నేను ఎంచుకున్నది. రాత్రి భోజనానికీ పడకకూ మధ్య మూడు గంటలు, మంచం తలవైపు ఎత్తు. వినడానికి ఇది అమ్మమ్మ సలహాలా ఉంటుంది, అందుకే ఎవరూ పట్టించుకోరు. గట్టి ఆహారం జీర్ణాశయం నుంచి కిందికి దిగడానికి మూడు నాలుగు గంటలు పడుతుంది. నూనె, కొవ్వు ఎక్కువుంటే ఇంకా ఆలస్యం. నిండిన తిత్తిని అడ్డంగా పడుకోబెడితే మూతి దగ్గర కారకుండా ఎలా ఉంటుంది? అన్నవాహిక చివరి కండరం ఆ మూతికి ముడి లాంటిది. పొట్ట నిండి సాగినప్పుడు ఆ ముడి మరింత తరచుగా వదులవుతుంది. పైన చెప్పిన మందులేవీ ఆ ముడిని బిగించవు. అవి కారేదాని పులుపు తగ్గిస్తాయి, అంతే. వీటన్నిటిలో కారడాన్నే తగ్గించేది ఈ దారి ఒక్కటే. నేను దీనివైపు మొగ్గడానికి కారణం కూడా అదే.

మంచం ఎత్తు విషయంలో చాలామంది చేసే పొరపాటు దిండు మీద దిండు వేయడం. అప్పుడు మెడ, నడుము వంగి పొట్ట నొక్కుకుపోతుంది, ఉన్నది కాస్తా పైకి తంతుంది. తలవైపు మంచం కోళ్ల కింద పదిహేను నుంచి ఇరవై సెంటీమీటర్ల చెక్క దిమ్మలు పెడితే ఒళ్లంతా ఒకే వాలుగా ఉంటుంది. మొదటి వారం కిందికి జారిపోతున్నట్టే ఉంటుంది, అలవాటవుతుంది. ఎడమవైపు తిరిగి పడుకోవడం కూడా పనికొస్తుంది. అలా పడుకున్నప్పుడు అన్నవాహిక కలిసే చోటు ఆమ్లపు మట్టానికి పైన ఉంటుంది, కుడివైపు తిరిగితే మునుగుతుంది. నడుము చుట్టూ బరువు ఎక్కువున్నవాళ్లు తగ్గితే ఇంకా మేలని వేరే చెప్పాలా!

గుణం వెంటనే కనిపించదు. నాకు మూడు వారాలు పట్టింది. మొదట్లో పడుకునే వేళకు ఆకలి వేసేది, చిరాకు వచ్చేది. మందులతో పోలిస్తే దీని అసలు ఖర్చు అదే.

మిగిలినవాటిని త్వరగా ముగిస్తాను. పాలు తాగగానే చల్లగా ఉంటుంది గానీ వాటిలోని ప్రొటీను, కాల్షియం కాసేపటికి కొత్త ఆమ్లాన్ని ఊరిస్తాయి. సోడా పొట్టను ఉబ్బించి తేన్పు తెప్పిస్తుంది. తేన్పు అంటేనే ఆ ముడి విప్పడం. అల్లం కొందరికి వికారం తగ్గిస్తుంది, ఆమ్లానికి దానితో పని లేదు. కాఫీ పడనివాళ్లకు పడదు, పడేవాళ్లు మానక్కర్లేదు.

పెద్దపేగు సంగతి. రాత్రంతా నెమ్మదించిన పెద్దపేగు మనం లేవగానే లేస్తుంది, మొదటి ముద్దకో మొదటి కప్పు కాఫీకో ఇంకాస్త ఊపందుకుంటుంది. అది సహజం. ఆందోళనతో అది మితిమీరేవాళ్లకు పై మందులేవీ పనికిరావు. బయటికి వెళ్లే వేళకు గంట ముందే లేచి తినేయడం, ఇసబ్‌గోల్ వంటి కరిగే పీచు తీసుకోవడం కొంత మేలు. మధుమేహానికి మెట్‌ఫార్మిన్ వాడుతున్నవాళ్లలో విరేచనాలకు ఆ మందే కారణం కావచ్చు కాబట్టి ఆ సంగతి డాక్టరుతో మాట్లాడాలి. విరేచనం గాఢనిద్రలోంచి లేపుతుంటే మాత్రం అది ఆందోళన పని కాదు, పరీక్షలు కావాలి. వికారం ఒక్కటే ఉన్న స్త్రీలు ముందు గర్భం ఉందో లేదో చూసుకోవాలి.

నల్లటి జిగురు విరేచనం, రక్తపు వాంతి, ముద్ద గొంతు దిగకపోవడం, కారణం లేకుండా బరువు తగ్గడం ఉంటే ఈ పోలికంతా పక్కన పెట్టి డాక్టరు దగ్గరకు వెళ్లండి. ఛాతీని నొక్కేసినట్టు నొప్పి, చెమట, దవడకో చేతికో లాగడం ఉంటే ఒక్క నిమిషం కూడా ఆగవద్దు. గుండెపోట్లు ఎక్కువగా వచ్చే వేళల్లో పొద్దుటి పూట ఒకటి. సిరప్పు తాగి చూద్దామని కూర్చుంటే విలువైన సమయం పోతుంది.

ఇదంతా మా తమ్ముడికి చెబితే నవ్వాడు. వాడు ఇల్లు చేరేదే రాత్రి పదికి. "భోజనం వేళ మార్చడం కన్నా ఉద్యోగం మార్చడం తేలిక" అన్నాడు. అసలు భోజనం ఏడింటికి పనిచోటే చేసి, ఇంటికొచ్చాక ఆకలి తీరేంత మాత్రమే తినమన్నాను. ఒక వారం చేశాడు, తర్వాత మానేశాడు. ఇప్పుడు డాక్టరు చెప్పిన పాంటోప్రజోల్ భోజనానికి అరగంట ముందు వేసుకుంటున్నాడు, మంచం కింద దిమ్మలు కూడా పెట్టించాడు. పొద్దుటి మంట చాలావరకు తగ్గిందట. మాత్ర మహిమ అంటాడు వాడు, దిమ్మల మహిమ అంటాను నేను.