షెవీ సీ10 (1967–72): ఇంజిన్ సంగతి తర్వాత, ముందు తుప్పు చూడండి

టెక్సస్‌లో పాత పికప్ కోసం వెతకడం మొదలుపెడితే తొందరగానే ఎదురయ్యే బండి షెవ్రోలే సీ10, అందులోనూ 1967 నుంచి 1972 దాకా వచ్చిన మోడల్. చూడ్డానికి బాగుంటుంది, రేకుల దగ్గర్నుంచి రబ్బర్ల దాకా పార్టులు ఇప్పటికీ కొత్తవి దొరుకుతాయి, బానెట్ ఎత్తితే చేతులు తిప్పుకోడానికి బోలెడు చోటు. అమ్మేవాళ్లు మాత్రం పొగిడేది ఇంజిన్నే. 350 వీ8 (350 క్యూబిక్ అంగుళాల ఎనిమిది సిలిండర్ల ఇంజిన్), మొన్ననే రీబిల్డ్ చేయించాం అంటూ ధర పెంచుతారు. నిజానికి ఈ బండిలో అన్నిటికంటే సులువుగా మారేది ఇంజినే. క్యాబిన్ లోపల్నుంచి కుళ్లిందంటే మాత్రం బండి కొన్న డబ్బుకి మించి వెల్డింగ్‌కే పోవచ్చు.

నీళ్లు ఎటు దిగుతాయో తెలిస్తే తుప్పు ఎక్కడుంటుందో వెతుక్కోనక్కర్లేదు. ముందద్దం కింద, వైపర్ల దగ్గర గాలి లోపలికి వచ్చే సందులుంటాయి. అదే కౌల్. అందులో ఆకులు పడి, మురిగి, తడి నిలుస్తుంది. ఆ నీరు డ్రైవర్ కాలి పక్కనున్న కిక్ ప్యానెల్ వెనక నుంచి జారి, తలుపు కింది రాకర్ ప్యానెల్‌లోకి చేరుతుంది. రబ్బరు మ్యాట్ ఎత్తి, స్క్రూడ్రైవర్ పిడితో ఆ మూల తట్టండి. గట్టి రేకైతే ఖంగుమంటుంది, పోయిన రేకు మెత్తగా మోగుతుంది. తర్వాత బండి కింద పడుకుని టార్చి వేసి లోపలి రాకర్, ఫ్లోర్ కింద అడ్డంగా ఉండే సపోర్టులు, క్యాబిన్ మౌంట్లు చూడాలి. కింద కొత్తగా నల్లటి అండర్‌కోటింగ్ కొట్టి ఉంటే అనుమానించాల్సిందే. అమ్మే ముందు ఊరికే ఎవరూ కొట్టించరు.

తలుపు వెనక క్యాబిన్ కింది మూలలు ఈ బండికి పేరుమోసిన జబ్బు. పల్చటి గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతం అక్కడ పెట్టండి. అంటుకోకపోతే లోపల పుట్టీ ఉన్నట్టే. ముందు ఫెండర్లలో చక్రం వెనక భాగం, అద్దం కింది రెండు మూలలు, పైన వాన నీరు జారే డ్రిప్ రెయిలు కూడా ఇలాగే చూడాలి. బయటి రాకరు, మూలలు మాత్రమే పోతే భయం లేదు. రెడీమేడ్ రేకులున్నాయి, మామూలు వెల్డర్ చేసేస్తాడు. లోపలి రాకరు, ఫ్లోర్ సపోర్టు, కౌల్ మూడూ పోయిన బండి ఎంత చవకైనా వదిలేయడమే మంచిది. కౌల్ బాగుచేయాలంటే ముందద్దం, డ్యాష్‌బోర్డు, ఫెండర్లు అన్నీ విప్పాలి. తలుపు సందు కింద ఒకలా, పైన ఒకలా ఉంటే ఎవరో క్యాబిన్‌కి లోపల బ్రేసింగ్ (వంగకుండా ఆపే కడ్డీలు) పెట్టకుండా రాకర్ కోసి మార్చారని అర్థం. తలుపు తీయగానే కిందికి వాలితే మాత్రం కంగారు పడకండి, సాధారణంగా కీలు పిన్నులూ బుష్‌లే అరిగి ఉంటాయి, ఖర్చు తక్కువ.

మిషిగన్, ఒహాయో లాంటి చోట్ల చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కాబట్టి అటు నుంచి వచ్చిన బండ్లని రెట్టింపు జాగ్రత్తగా చూడాలి. వెస్ట్ టెక్సస్, అరిజోనా బండ్లకి ఎండ దెబ్బకి డ్యాష్ పగిలి, రబ్బర్లు ఎండి, పెయింటు వెలిసిపోయి ఉంటుంది. నిగనిగలాడే పెయింటున్న ఉత్తరాది బండి కంటే ఇదే మేలు.

పెట్రోలు ట్యాంకు సీటు వెనకే, క్యాబిన్ లోపలే ఉంటుంది. తలుపు తీయగానే పెట్రోలు వాసన వస్తే ముందు ట్యాంకు మెడ దగ్గరి రబ్బరు గొట్టాన్ని చూడండి. ఇథనాల్ కలిసిన పెట్రోలుకి పాత రబ్బరు నిలవదు. ట్యాంకుని ఎవరైనా ఛాసిస్ రెయిళ్ల మధ్యకి, వెనక్కి మార్చి ఉంటే అది మంచి మార్పే. ఛాసిస్ మీద ఎడమ వైపు స్టీరింగ్ బాక్స్ బిగించిన చోట పగుళ్లుంటాయేమో తడిమి చూడాలి.

పొట్టి తొట్టి బండికి వీల్‌బేస్ 115 అంగుళాలు, పొడుగు దానికి 127. పొట్టి వాటికే గిరాకీ, అందుకని పొడుగు బండి ఛాసిస్ కోసి పొట్టిగా చేసి అమ్మేవాళ్లూ ఉన్నారు. రెయిళ్ల మీద అడ్డంగా వెల్డింగ్ మచ్చ వెతకండి. గ్లవ్ బాక్స్ తలుపు లోపల ఫ్యాక్టరీ స్టిక్కరు మిగిలి ఉంటే దాని మీద వీల్‌బేస్ రాసి ఉంటుంది. విన్ నంబరులో (బండి గుర్తింపు నంబరు) రెండో అక్షరం ఎస్ అయితే ఫ్యాక్టరీ నుంచి ఆరు సిలిండర్ల బండి, ఈ అయితే వీ8 (1972 నంబర్లలో ఇది మూడో అక్షరం). ఒరిజినల్ వీ8 అని చెప్పేవాళ్లని ఇక్కడే పట్టేయొచ్చు.

ఇంజిన్ దగ్గర ఒక్కటే షరతు: మీరు వెళ్లేసరికి చల్లగా ఉండాలి. బ్లాకు మీద చెయ్యి పెట్టి వేడిగా ఉంటే చల్లారే దాకా ఆగండి. స్టార్ట్ చేయగానే కాసేపు నీలం పొగ వచ్చి ఆగిపోతే వాల్వ్ సీళ్లు, చిన్న పని. ఎత్తు ఎక్కేటప్పుడు కూడా ఆగకుండా వస్తే పిస్టన్ రింగులు. ఆయిల్ మూత తీస్తే పొగ కక్కినా రింగుల మీదే అనుమానం. బాగా వేడెక్కాక ప్రతి 1000 ఆర్‌పీఎమ్‌కి సుమారు 10 పీఎస్‌ఐ ఆయిల్ ప్రెషర్ రావాలి. కంప్రెషన్ టెస్టులో అన్నిటికంటే తక్కువ సిలిండరు, అన్నిటికంటే ఎక్కువ దానిలో 75 శాతమైనా చూపాలి. చూపకపోతే ఆ ఖర్చు ధరలోంచి తగ్గించమనండి, బండి వదులుకోనక్కర్లేదు.

బ్రేకుల విషయంలో 1971కి ముందు, తర్వాత అని విడదీసి చూడాలి. 1971 నుంచి ముందు చక్రాలకి డిస్కులు మామూలుగానే వచ్చాయి, రిమ్ముకి 6 బోల్టుల బదులు 5 వచ్చాయి. అంతకు ముందువి నాలుగూ డ్రమ్ములు. మార్చుకోడానికి కిట్లున్నాయి, ఆ ఖర్చు కలుపుకుంటే 1971–72 బండికి అడిగే ఎక్కువ ధర ఎక్కువేం కాదు.

నడకలో వెనక కాయిల్ స్ప్రింగులున్న బండి ఖాళీగా ఉన్నా ఎగిరెగిరి పడదు. ఫ్రీవే మీద మాత్రం ఓవర్‌డ్రైవ్ (వేగంలో ఇంజిన్ తిరుగుడు తగ్గించే పై గేరు) లేక ఇంజిన్ గోల పెడుతుంది. వీ8 గాలన్‌కి 12 మైళ్ల చుట్టూ ఇస్తే అదే గొప్ప. చాలా బండ్లలో ఏసీ ఉండదు. శాన్ ఆంటోనియోలోని వింటేజ్ ఎయిర్ ఈ మోడల్‌కి కిట్లు అమ్ముతుంది. ఆగస్టులో నడపాలంటే ఆ డబ్బు ముందే పక్కన పెట్టుకోండి.

టైటిల్ (బండి యాజమాన్య పత్రం) మీద పేరు, అమ్మే మనిషి పేరు ఒకటేనా, విన్ ప్లేటు రివెట్లు ఎవరైనా కదిపారా అన్నది డబ్బు చేతులు మారకముందే చూసుకోవాలి. టెక్సస్‌లో 25 ఏళ్లు దాటిన బండికి యాంటిక్ నంబరు ప్లేటు తీసుకుంటే ప్రదర్శనలు, పరేడ్లు, క్లబ్బు కార్యక్రమాలు లాంటి వాటికే తిప్పాలి. రోజూ ఆఫీసుకో, హోమ్ డిపోకో వాడే ఉద్దేశం ఉంటే క్లాసిక్ ప్లేటు అడగండి. ఇన్సూరెన్సు ఏ కంపెనీలో చేసినా అగ్రీడ్ వ్యాల్యూ పాలసీ (బండి విలువ ముందే ఒప్పుకుని రాసుకునేది) ఉందో లేదో కనుక్కోండి. మామూలు పాలసీలో 50 ఏళ్లు దాటిన బండికి వాళ్లు కట్టే విలువ చేతికొచ్చాక బానెట్ కూడా కొనలేరు.