క్లచ్ ప్లేట్లొక్కటేనా, సెట్టంతానా? పాత స్పోర్ట్స్ బండికి ఏది మేలు

కరిజ్మా, మొదటి తరం ఆర్15, పల్సర్ 220, సీబీఆర్ 250ఆర్... పదేళ్ళు పైబడ్డ ఈ బళ్ళను ఇంకా ముద్దుగా చూసుకుంటూ తిప్పేవాళ్ళు బెజవాడలో తక్కువేం లేరు. ఎండలు ముదిరేసరికి వాళ్ళందరూ అడిగేది ఒకటే. "క్లచ్ జారుతోంది, ప్లేట్లు పోయాయంటున్నారు. ప్లేట్లొక్కటే వేయించుకోవాలా, సెట్టంతా మార్చాలా? కంపెనీదా, బయటిదా?" ఈమధ్యే నా కరిజ్మాకీ అదే పని పడింది కాబట్టి, ఇన్నాళ్ళూ ఒక్కొక్కరికీ ముక్కలు ముక్కలుగా చెప్పిందంతా ఒకచోట పెడుతున్నాను.

విప్పేముందు ఒక మాట. జారుడంటే ఇంజను తిరుగుతున్నా ఆ బలం చక్రానికి పూర్తిగా అందకపోవడం. అదంతా అరుగుదల వల్లే కాదు. క్లచ్ వైరులో ప్లే లేకపోతే కొత్త ప్లేట్లు కూడా జారతాయి. హోండా ఇంజన్లకైతే లివర్ చివర 10 నుంచి 20 మిల్లీమీటర్ల వదులు ఉండాలి. రెండోది ఆయిలు. కారుకి పోయగా మిగిలింది కదా అని పోసేస్తే, రాపిడి తగ్గించడానికి అందులో కలిపిన రసాయనాలు క్లచ్ పట్టునూ తగ్గించేస్తాయి. డబ్బా మీద జాసో ఎంఏ గానీ ఎంఏ2 గానీ రాసి ఉండాలి, ఆయిల్లో మునిగి ఉండే బైకు క్లచ్‌కి పనికొస్తుందని చెప్పే గుర్తులవి. ఈ రెండూ సరిగ్గానే ఉన్నాయా? అయితే మంగళగిరి దాటాక, హైవే ఖాళీగా ఉన్నప్పుడు, టాప్ గేరులో యాభై మీద వెళ్తూ యాక్సిలరేటర్ ఒక్కసారి పూర్తిగా తిప్పండి. ఆర్‌పీఎం ముల్లు లేచి స్పీడు లేవలేదంటే ఇక కవరు విప్పాల్సిందే.

ఎక్కువమంది చేయించుకునేది ప్లేట్లొక్కటే, అంటే పట్టు కోసం కార్కు లాంటి పదార్థం అతికించినవి. ఇందులో న్యాయం లేకపోలేదు. అరిగేవి అవే మరి. కొత్త ప్లేటు మందం సుమారు 3 మిల్లీమీటర్లు. అందులో పావు మిల్లీమీటరో, కొంచెం ఎక్కువో అరిగిందంటే చాలా బళ్ళలో దాని పని అయిపోయినట్టే. ఒక్కోటి 0.2 మిల్లీమీటర్లు అరిగిందనుకున్నా ఐదు ప్లేట్లకి కలిపి మొత్తం దొంతర 1 మిల్లీమీటరు పల్చబడుతుంది. ఆ మేరకు ఈ దొంతరను నొక్కి పట్టే స్ప్రింగులు సాగి, వాటి నొక్కుడు తగ్గుతుంది. కొత్త ప్లేట్లు వేయగానే దొంతర మళ్ళీ నిండుతుంది, స్ప్రింగులు మళ్ళీ బిగుస్తాయి, బండి లాగుతుంది. కస్టమరూ సంతోషమే, మెకానిక్కూ సంతోషమే. "ప్రెషర్ ప్లేట్లు బానే ఉన్నాయన్నా, ఇవి వేసి పంపించేస్తా" అంటాడు. మన షాపుల్లో ప్రెషర్ ప్లేట్లనేవి మధ్య మధ్యలో వచ్చే స్టీలు ప్లేట్లు. నేనిక్కడ స్టీలు ప్లేట్లనే అంటాను.

నా దృష్టిలో అసలు తీర్పు చెప్పాల్సింది ఆ స్టీలు ప్లేట్లే. చూడ్డానికి వాటికేమీ కాలేదనిపిస్తుంది. మందం కొలిచినా పెద్దగా తగ్గదు. కానీ క్లచ్‌లో పుట్టే వేడంతా మోసేది అవే. పట్టు కోసం అతికించిన పదార్థం కార్కు, కాగితం జాతిది. అది వేడిని తనలోకి రానివ్వదు. అందుకని జారినప్పుడల్లా పుట్టిన వేడి పక్కనున్న స్టీలులోకి పోతుంది, అక్కణ్ణుంచి నెమ్మదిగా ఆయిలులోకి దిగుతుంది. పొయ్యి మీది పెనం లాంటిదది. ఎక్కడం తొందరగా ఎక్కుతుంది, దిగడానికి టైం పడుతుంది. ఆ టైం మన ఊళ్ళో దొరకదు. 2020లో దుర్గగుడి ఫ్లైఓవర్ తెరిచాక ఆ వైపు ఇబ్బంది తగ్గింది గానీ, సాయంత్రం పూట బందరు రోడ్డు సిగ్నళ్ళూ రామవరప్పాడు రింగూ అలాగే ఉన్నాయి. పైగా స్పోర్ట్స్ బండికి మొదటి గేరు పొడుగు. స్ప్లెండర్ వాడు క్లచ్ వదిలేసి మెల్లగా పాకిస్తాడు. అదే స్పీడులో ఆర్15 వాడికి సగం క్లచ్ పట్టుకోక తప్పదు. పైన మే నెల ఎండ, కింద వేడెక్కిన రోడ్డు, లోపల సగం పట్టులో జారుతున్న క్లచ్.

ఇలా కాలిన స్టీలుకి రెండు గుర్తులు. ఒకటి రంగు. ఉక్కు 300 డిగ్రీల చుట్టుపక్కలకి చేరితే నీలం తిరుగుతుంది. ప్లేటు మీద నీలం మచ్చలు కనిపించాయంటే ఆ చోట అంత వేడి తగిలిందని. రెండోది కంటికి కనపడదు, వంకర. ఇక్కడే లెక్క చూడాలి. మీరు లివర్ పూర్తిగా నొక్కితే లోపల దొంతరను నొక్కి ఉంచే పళ్ళెం వెనక్కి జరిగేది మహా అయితే ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్లు. ఐదు ప్లేట్లంటే పది ముఖాలు. ఆ కాస్త ఖాళీని పది చోట్లకి పంచితే ఒక్కో చోట మిగిలేది 0.15 నుంచి 0.2 మిల్లీమీటర్లు. ఒక్క స్టీలు ప్లేటు 0.3 మిల్లీమీటర్లు వంగి ఉంటే, లివర్ ఎంత నొక్కినా అది పక్క ప్లేటుని వదలదు. కొత్త ప్లేట్లు వేయించుకున్న వారానికే "న్యూట్రల్ పడట్లేదు, గేరులో ఉంచితే బండి ముందుకి నెట్టుకుపోతోంది" అనే గొడవలో ఎక్కువ భాగం ఇదే. పొద్దున చల్లగా ఉన్నప్పుడు బాగుంటుంది, సాయంత్రం ట్రాఫిక్‌లో మొదలవుతుంది. అందరూ వైరుని అనుమానిస్తారు. వంకర వల్ల ఇంకో నష్టం కూడా ఉంది. ఉబ్బెత్తుగా ఉన్న చోటే కొత్త ప్లేటుకి ఒత్తిడంతా పడుతుంది. అక్కడ మళ్ళీ కాలుతుంది, మళ్ళీ అరుగుతుంది. కొత్త ప్లేటు వేసి కూడా పాత జబ్బునే కొనుక్కున్నట్టు.

కాబట్టి కవరు విప్పినప్పుడు మీరు అక్కడే ఉండండి. మందమైన అద్దం ముక్క ఒకటి తీసుకెళ్ళండి. ఆటోనగర్‌లో ఏ లేతు వర్క్స్‌లోనైనా సర్ఫేస్ ప్లేటు, అంటే చదును చూసే బల్ల ఉంటే ఇంకా మేలు. స్టీలు ప్లేట్లను శుభ్రంగా తుడిచి, ఒక్కోదాన్నీ అద్దం మీద పరిచి, అంచు కింద ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్న రేకులు) దూర్చి చూడాలి. చాలా మాన్యువల్స్‌లో వంకరకి ఇచ్చే హద్దు 0.1 నుంచి 0.3 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. మీ బండిదెంతో చూసుకోండి. హద్దు దాటినవీ, నీలం తిరిగినవీ పక్కన పెట్టేయడమే. నీలం లేకుండా, చదునుగా, కాస్త నున్నగా మెరుస్తున్నవైతే సన్న ఎమరీతో మెరుపు పోయేదాకా రుద్ది మళ్ళీ వాడుకోవచ్చు. అందులో నామోషీ ఏం లేదు. ఊరి ట్రాఫిక్‌లో పెద్దగా తిరగకుండా గుంటూరు హైవే మీదే ఎక్కువ నడిచిన బళ్ళలో స్టీలు బాగానే ఉంటుంది. అలాంటి బండికి ప్లేట్లూ స్ప్రింగులూ చాలు.

స్ప్రింగులు మాత్రం వదలొద్దు. ఏళ్ళ తరబడి వేడిలో నలిగి పొడవు తగ్గిపోతాయి. విడిగా కొలిచి మాన్యువల్‌తో పోల్చవచ్చు గానీ, మిగతా ఖర్చు ముందు వాటి ధర ఎంతని? కొలవడం మానేసి కొత్తవి వేయించేయండి.

ఇక కంపెనీ సెట్టంతా, అంటే ప్లేట్లు, స్టీలు, స్ప్రింగులు అన్నీ ఒకేసారి. నా మొగ్గు దీనివైపే. దీన్ని కాదనేవాళ్ళు చెప్పేది ఖర్చు. ఒప్పుకుంటాను. కానీ ఆ పనిలో ఆయిలు వంచడం, కవరు విప్పడం, పాత ప్యాకింగ్ గీకడం, కొత్త ప్యాకింగ్, కొత్త ఆయిలు, లేబరు, ఒక రోజు బండి లేకపోవడం అన్నీ ఉన్నాయి. ప్లేట్లొక్కటే వేసినా, సెట్టంతా వేసినా ఇవన్నీ ఒకటే. తేడా వచ్చేది స్టీలు ప్లేట్ల ధరలోనే. అదే తేడా మిగుల్చుకుందామని చూసి, ఆర్నెల్లకి మళ్ళీ విప్పిస్తే అన్నీ రెండోసారి కట్టాలి. నా బండికి అద్దం మీద రెండు ప్లేట్లు ఊగాయి. మిగతావి హద్దులోనే ఉన్నా అన్నీ మార్పించేశాను. కొత్తవాటి పక్కన పాతవాటిని నమ్మడానికి నాకు మనసొప్పలేదు.

కష్టం దొరకడంలో. పల్సర్ 220ని కంపెనీ 2023లో మళ్ళీ తెచ్చింది కాబట్టి దానికి దిగులు లేదు. ఆర్15 మొదటి రకానికి, 2011లో వచ్చిన సీబీఆర్ 250ఆర్‌కి ఆర్డరు పెట్టి ఆగాల్సి రావచ్చు. పాత కరిజ్మా వాళ్ళకి ఇంకో చిక్కు. కౌంటర్లో కరిజ్మా అంటే 2023లో వచ్చిన ఎక్స్ఎంఆర్ అనుకునే ప్రమాదం ఉంది. అది 210 సీసీ నీటితో చల్లబడే ఇంజను, మనది 2003 నాటి 223 సీసీ, పేరు తప్ప పొత్తు లేదు. పార్ట్ నంబరు కాగితం మీద రాసుకెళ్ళి అడగండి, పేరు చెప్పి అడగొద్దు. స్టీలు ప్లేట్లు దొరక్క ప్లేట్లు మాత్రమే దొరికితే, అప్పుడు అద్దం పరీక్షలో నెగ్గినవాటితో సర్దుకోవడం తప్ప దారి లేదు.

బయటి సెట్ల గురించి "డూప్లికేట్" అని ఒక్క మాటతో కొట్టిపారేయడం తప్పు. ప్లేట్లను బండి కంపెనీలే తయారు చేసుకుంటాయనుకోకండి. హోండా బళ్ళకి ఎఫ్‌సీసీ లాంటి సంస్థలు ఇస్తాయి, ఎండ్యూరెన్స్ లాంటి మన సంస్థలూ క్లచ్‌లు చేసి బండి కంపెనీలకి సరఫరా చేస్తాయి. అలా అసలు తయారీదారు పేరు మీదే మీ మోడలుకి సెట్టు దొరికితే కళ్ళు మూసుకుని తీసుకోవచ్చు. పేరులేని పొట్లంలో వచ్చేవాటితోనే భయం. అతుకు ఊడి ముక్కలు ఆయిలులో కలిస్తే అవి పోయి ఆయిలు జాలీలో అడ్డుపడతాయి, అప్పుడు సమస్య క్లచ్‌తో ఆగదు. కొనేముందు పాత ప్లేటు పక్కన పెట్టి, అంచున పొడుచుకొచ్చిన చెవుల వెడల్పు, లోపలి వ్యాసం, మందం సరిచూడండి. కొన్ని బళ్ళలో దొంతర చివర ఒక ప్లేటు లోపలి వ్యాసం వేరుగా ఉంటుంది, దాని లోపల కుదుపు తగ్గించే జడ్డర్ స్ప్రింగు కూర్చుంటుంది. అలాంటి బండికి బయటి సెట్లో అన్నీ ఒకే రకం ఇచ్చి ఉంటే అది మీ బండిది కాదు.

పాత సామాన్ల షాపుల్లో మొత్తం అసెంబ్లీ, అంటే ప్లేట్లు కూర్చునే గిన్నె లాంటి హౌసింగుతో సహా దొరుకుతుంది. చవక, ఒక్క రోజులో పని అయిపోతుంది. నేను వద్దంటాను. ప్లేట్ల చెవులు ఏళ్ళ తరబడి హౌసింగు వేళ్ళకి కొట్టుకుని గాట్లు పడతాయి. గాట్లలో చెవులు ఇరుక్కుంటే క్లచ్ కుదుపుగా పడుతుంది, న్యూట్రల్ కష్టమవుతుంది. వేరేవాడి బండి గాట్లను డబ్బిచ్చి తెచ్చుకోవడం దేనికి? మీ హౌసింగుకే గాట్లుంటే, గోరుకి తగిలీ తగలనంత ఉంటే ఆకురాయితో సన్నగా సరిచేయవచ్చు. లోతుగా ఉంటే మాత్రం కొత్త హౌసింగే. ఫైలింగుతో వేళ్ళు పల్చబడితే ఖాళీ పెరిగి చప్పుడు మొదలవుతుంది.

గట్టి స్ప్రింగులు వేసి పాత ప్లేట్లతో నెట్టుకొచ్చే పద్ధతి ఒకటుంది. జారుడు ఆగుతుంది. చెయ్యి నొప్పి, వైరు తెగడం అదనం. పాత ప్లేట్లకి కొత్త కార్కు అతికించడం అసలు వేరే పార్టు దొరకని బళ్ళకే. ఆర్15 వాళ్ళు కొందరు 2018 వెర్షన్‌లో వచ్చిన అసిస్ట్, స్లిప్పర్ క్లచ్ (లివర్ తేలిగ్గా ఉండేది, గేరు దించినప్పుడు వెనక చక్రం పట్టేయకుండా చూసేది) దీనికి పెట్టొచ్చా అని అడుగుతారు. అది ప్లేట్ల మార్పు కాదు, ప్లేట్ల మధ్యలో ఉండే హబ్బు దగ్గర్నుంచీ వేరు, ఇంజనే వేరు. ఆ జోలికి వెళ్ళకండి.

ఏది వేయించినా బిగించే దగ్గర కొన్ని చూసుకోవాలి. కొత్త ప్లేట్లను ముందు రాత్రే ఇంజనాయిల్లో నానబెట్టి తెచ్చివ్వండి. పొడిగా వేస్తే మొదటి పట్టులోనే కాలుతాయి. నాలుగు గంటలైనా నానకుండా బిగిస్తానంటే ఒప్పుకోవద్దు. విప్పుతున్నప్పుడు ఫోన్లో ఒక్కో పొరకీ ఫోటో తీసుకోండి. హోండా పద్ధతి హౌసింగుల్లో చివరి ప్లేటు చెవులు మిగతావాటి గాడిలో కాకుండా పక్కనున్న చిన్న గాడిలో కూర్చుంటాయి, అది మర్చిపోవడం చాలా తేలిక. స్ప్రింగు బోల్టులు ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించాలి. 6 మిల్లీమీటర్ల బోల్టుకి 10 నుంచి 12 న్యూటన్ మీటర్లు చాలు. అల్యూమినియం హబ్బులో మర ఊడిపోయేది "ఇంకొంచెం బిగిద్దాం" అన్నప్పుడే.

బండి బయటికొచ్చాక మొదటి మూడు నాలుగు వందల కిలోమీటర్లు సిగ్నల్లో గేరేసుకుని సగం క్లచ్‌తో నిలబడకండి, న్యూట్రల్ చేసుకోండి. ఇద్దరెక్కి కొండవీడు ఘాటు ఎక్కే ప్రోగ్రాం ఉంటే ఆ తర్వాత పెట్టుకోండి. ప్లేట్లు సర్దుకునే కొద్దీ లివర్ ప్లే మారుతుంది, సాధారణంగా తగ్గుతుంది. అందుకని వారం ఆగి ఒకసారి, మొదటి ఆయిలు మార్పుకి ఇంకోసారి వైరు సరిచేయించుకోండి.